అరికాలికి తెలిసినంత

ఎవరి ఆవరణలో అడుగుపెట్టినా మేస్త్రి ముందు ఎడమకాలి చెప్పు విడిచేవాడు. కుడికాలిది అలాగే ఉండేది. ఉత్త పాదాన్ని నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని, లోలోపల ముప్పై దాకా లెక్కపెట్టేవాడు. తరువాత నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ ముప్పై. చూసేవాళ్ళకు కొంగ చేపకోసం నిలబడినట్టు ఉండేది. ఇంటివాళ్ళు కుర్చీ వేసినా, మంచినీళ్ళు తెచ్చినా, ఆ లెక్క పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు.

అతని పని పాడి పశువులకు నీడ కట్టడం. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, అంతేగా అనేవాళ్ళు చాలామంది. అంతే కాదని అతనికి తెలుసు. పొద్దున నీడ ఎక్కడ పడుతుంది, పొద్దు వాలాక ఎటు జరుగుతుంది, చూరు ఎటు వంచితే వాననీళ్ళు మేత తొట్టిలో పడవు, అన్నీ ముందే కాగితం మీద గీసుకునేవాడు. గీసినదాన్ని కూడా నమ్మేవాడు కాదు. అరికాలు ఒప్పుకోవాలి. అందుకే అందరూ అతన్ని అరికాలి మేస్త్రి అనేవారు.

నమ్మకమనేది అతని ఒంట్లోనే లేదు. టేపు కొంటే కొట్లోనే ఇంకో టేపు పక్కన పరిచి సరిచూసేవాడు. బస్సు ఎక్కేముందు కండక్టర్ని అడిగి, డ్రైవర్ని అడిగి, కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన్ని కూడా అడిగేవాడు. ముగ్గురూ ఒకటే మాట చెబితే, ముందే కూడబలుక్కున్నారేమోనని ముగ్గురి ముఖాలూ చూసేవాడు. మా ఆయన తన నీడని కూడా కొలిచి గాని వెంట రానివ్వడు అని అతని భార్య చుట్టాల ముందు అనేది. స్నానం నీళ్ళ సంగతి కూడా ఆవిడే చెప్పేది. బకెట్లో కాలి బొటనవేలు ముంచి, సరిగ్గా ఉన్నాయని తీర్మానించి, చెంబెడు వీపు మీద గుమ్మరించుకుని రోజూ ఒక్క కేక పెట్టేవాడట. ఆ కేక వినగానే ఆవిడ పొయ్యి మీది అన్నం దించేది. మా ఇంట్లో గడియారం అక్కర్లేదనేది.

ఈ పనిలోకి అతను మేనత్త వల్ల వచ్చాడు. ఆవిడకు ఒక్కటే ఆవు. ఇరవై ఏళ్ళ వయసులో ఒక వేసవిలో అతను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆ ఆవు కట్టుకొయ్య దగ్గర చతికిలబడి ఉంది. గిడ్డంగులకు కప్పులు వేసే తండ్రి దగ్గర మిగిలిన నాలుగు పొడవాటి స్తంభాలు, ఆరు రేకులు తెచ్చి, రెండు రోజుల్లో నీడ కట్టాడు. ఆ రోజు అతని కాళ్ళకు చెప్పులు లేవు. బయట నేల అరికాళ్ళను బొబ్బలెక్కించింది. కప్పు కింద నేల కుండ అడుగులా చల్లగా ఉంది. ఆవు లేచింది. మేనత్త అతని చేతులు పట్టుకుని, నీ కాలు మంచి కాలురా అంది. అంతటి మాట అతనితో అంతకుముందు ఎవరూ అనలేదు.

ఆ మొదటి కప్పు అందుకోవాలంటే నిచ్చెన వెయ్యాలి. ఒక్కటే లోటు. కప్పు అంత ఎత్తుగా ఉంటే పొద్దు వాలేసరికి నీడ పక్కవాళ్ళ గోడెక్కి కూర్చునేది. రెండో కొట్టానికి రెండు వేళ్ళు దించాడు. నేల ఇంకాసేపు చల్లగా ఉంది. మూడోదానికి ఇంకో రెండు వేళ్ళు. అలా ఇరవై ఐదేళ్ళలో ముప్పై ఒక్క కొట్టాలు కట్టాడు. కొట్టం కొట్టానికీ కప్పు దిగుతూ వచ్చింది, అరికాలు చల్లబడుతూ వచ్చింది. ఇప్పుడు చెయ్యెత్తితే రేకు వేళ్ళకు తగిలేది. తను కట్టిన నీడ కాళ్ళ కిందే పడి ఉంటుందని, పెంపుడు కుక్కలా ఎటూ పోదని చెప్పుకునేవాడు.

ముప్పై రెండోది అన్నింట్లోకీ పెద్దది. ఇరవై రెండు ఆవుల పాడి. దాన్ని నడిపే పెద్దావిడ ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఒక కళ్ళజోడు పెట్టుకుని తిరిగేది. ఏ వస్తువునైనా రెండింటితోనూ చూశాకే తీసుకునేది. మేస్త్రికి ఆవిడ నచ్చింది. ఆవిడ ఆవుల్ని కట్టెయ్యదు. చుట్టూ కంచె, మధ్యలో ఎండిన ఆవరణ, పడమటి మూల నీళ్ళ తొట్టి, దక్షిణాన మేత గది. ఆవులు వాటి ఇష్టాన తిరుగుతాయి. చెట్టన్నది లేదు.

గేటు పక్క గదిలో పాలు పితికే మనిషి, అతని భార్య ఉండేవారు. ఆ గది పెద్దావిడ, అందరూ అమ్మగారనే ఆవిడ, ఇచ్చిందే. పదకొండేళ్ళుగా అతనే పితుకుతున్నాడు. మూగవాడేం కాదు గానీ, మాట అవసరమనిపిస్తే తప్ప నోరు విప్పడు కాబట్టి మూగన్న అనేవారు.

స్తంభాలు పాతే రోజున ఆ మూగన్న పాలక్యాన్లు కింద పెట్టి వచ్చి, పైకీ కిందికీ చూసి, ఒక్క మాట అన్నాడు.

"మేస్త్రీ, కప్పు ఇంకాస్త పైకి ఉండాలేమో."

"పైన ఎవరుంటారన్నా, పావురాలా?" అన్నాడు మేస్త్రి.

కూలీలు నవ్వారు. మూగన్న నవ్వలేదు. క్యాన్లు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ పోవడం మేస్త్రికి గుర్తుండిపోయింది. మాట చెల్లనివాడు ఊరుకోడని అతని లెక్క.

కొట్టం పూర్తయిన పదో రోజున అమ్మగారు కబురు పంపింది. మేస్త్రి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కొట్టం కింద ఒక్క ఆవు లేదు. ఇరవై రెండూ నీళ్ళ తొట్టి దగ్గర మండుటెండలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. రోజుకు ఆరు క్యాన్లు నిండేవి ఇప్పుడు అయిదు కూడా నిండడం లేదని అమ్మగారు చెప్పింది. శనివారం దాకా చూస్తానని, అప్పటికీ ఆవులు లోపల నిలబడకపోతే పీకించేస్తానని కూడా చెప్పింది. కోప్పడలేదు. నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి, ముక్కు మీదిది నెత్తి మీదికి మార్చుకుని అతన్ని చూసింది.

మేస్త్రి చెప్పు విడిచాడు. లోపల నాలుగు చోట్ల ముప్పై చొప్పున లెక్కపెట్టాడు. నేల చల్లగా ఉంది. ఇంతకుముందు కట్టిన ముప్పై ఒక్కటిలో ఏదీ ఇంత చల్లగా లేదు. అంటే తప్పు కొట్టానిది కాదు. మరి ఎవరిది? చల్లటి చోటు వదిలి ఎండలోకి పోయేంత బుద్ధిలేని పశువు లోకంలో ఉండదు. ఎవరో తోలుతున్నారు.

మూగన్న తొట్టి కడుగుతున్నాడు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, ఆవులు లోపలికి ఎందుకు రావడం లేదని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"వాటినే అడుగు" అన్నాడు మూగన్న, తలెత్తకుండా.

మేస్త్రికి ఇంకేం కావాలి? గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. మర్నాటినుంచి కాపు కాశాడు. అమ్మగారితో మాత్రమే చెప్పి, మేత గదిలో తవుడు బస్తాల మీద కూర్చున్నాడు. గోడలో గాలికోసం వదిలిన ఇటుకంత సందు. అందులోంచి కొట్టం, తొట్టి, గేటు పక్క గది అన్నీ కనిపించేవి. తవుడు ధూళికి తుమ్ము వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. తనని కనిపెట్టే మూగన్న ఆవరణలోకి రావడం లేదేమోనని ఒకసారి, గదిలో ఎలుకల్ని ఎవరైనా కావాలనే వదిలారేమోనని ఇంకోసారి అనుమానపడ్డాడు. మొదటి రోజు మూగన్న పెళ్ళాంతో కలిసి ఎక్కడికో వెళ్ళాడు. ఆవులు తమంతట తామే తొట్టి దగ్గరికి నడిచాయి. మేస్త్రి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రోజూ తోలితే అలవాటు పడవా?

రెండో రోజు చూశాడు. మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కగానే మూగన్న గదిలోంచి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. కొట్టంలో పడుకున్న ఆవుల్ని ఒక్కొక్కదాన్నే వీపు తట్టి లేపాడు. లేవని తొలిచూలు ఆవును, నుదుట తెల్లమచ్చ ఉన్నదాన్ని, మెడకింద చెయ్యివేసి బతిమాలినట్టు లేపాడు. అన్నింటినీ బయటికి నడిపించి మళ్ళీ అటూ ఇటూ చూసి గదిలోకి పోయాడు.

మేస్త్రి బస్తాల మీదనుంచి లేచి నిలబడ్డాడు. అతనికి సంతోషం వేసింది. జీవితంలో మొదటిసారి అతని అనుమానం ఇలా ఎదురుగా వచ్చి నిలబడింది.

అమ్మగారు మూగన్నను వరండాలోకి పిలిపించింది. మేస్త్రి చూసింది చూసినట్టు చెప్పాడు. ఒక్క ముక్క కలపలేదు.

"నువ్వేనా తోలింది?" అంది ఆవిడ.

"నేనే."

"ఎందుకు?"

"రొప్పుతున్నాయమ్మా."

మేస్త్రికి నవ్వొచ్చింది. నీడలో పడుకున్న ఆవు రొప్పుతుందా, ఎండలో నిలబడ్డది రొప్పుతుందా అని అడిగాడు. మూగన్న జవాబివ్వలేదు. అతను జవాబివ్వడని మేస్త్రికి తెలుసు. ఆ సంగతి తెలిసే అడిగాడు. అది తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

రేపు పొద్దున్నకల్లా గది ఖాళీ చెయ్యమంది అమ్మగారు. పదకొండేళ్ళు నమ్మాను, ఇంకొకళ్ళయితే చాటుగా పని చేసినందుకు ఈ పూటే పొమ్మనేవాళ్ళు అంది. మూగన్న తలూపి వెళ్ళిపోయాడు. ఆ పోవడం క్యాన్లు ఎత్తుకుని వెళ్ళిన రోజులాగే ఉంది.

మేస్త్రి అంతటితో ఆగితే సరిపోయేది. కానీ నిరూపించకపోతే అతనికి నిద్రపట్టదు. ఆ మధ్యాహ్నమే చూపిస్తానన్నాడు. ఆవులన్నింటినీ కొట్టంలోకి తోలించి, నాలుగు వైపులా వాసాలు అడ్డం కట్టించాడు. తోలేవాడు లేడు, పోయే దారి లేదు, ఇప్పుడు చూడండి హాయిగా నెమరేస్తాయి అన్నాడు. అమ్మగారు వరండాలో కుర్చీ వేసుకుంది. గేటు పక్క గదిలో మూగన్న భార్య గిన్నెలు మూటకడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత ఒక ఆవు నోరు తెరిచింది. దాని పక్కది తెరిచింది. ఇరవై రెండు ఆవుల డొక్కలూ కొలిమి తిత్తుల్లా ఎగసిపడసాగాయి. నురగ తీగలుగా కారింది. ఒక్కటీ పడుకోలేదు. అన్నీ పడమటి వైపు, నీళ్ళ తొట్టి వైపు ముఖం పెట్టి వాసాలను తోస్తున్నాయి.

"మేస్త్రీ" అంది అమ్మగారు లేచి నిలబడి.

తెల్లమచ్చ ఆవు ముందుకాళ్ళు మడతపడ్డాయి.

మేస్త్రి వాసం కింద దూరి పరుగెత్తాడు. పరుగులో ఎడమ చెప్పు ఎప్పుడు విడిచాడో తెలియదు. నేల చల్లగా ఉంది. లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. పొదుగు చల్లగా ఉంది, గిట్టలు చల్లగా ఉన్నాయి. దాన్ని లేపడానికి వీపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీసేశాడు. పొయ్యి మీది పెనాన్ని తాకినట్టుంది.

అక్కడే నిలబడిపోయాడు. మళ్ళీ చెయ్యి వేశాడు. పక్క ఆవు వీపు చూశాడు. దాని పక్కది. తరువాత మేత తొట్టి అంచు మీద ఒక కాలు పెట్టి పైకి లేచాడు. రేకుకు మూరెడు దూరంలోనే ముఖం ఆగిపోయింది. రేకు కింద గాలి కదలడం లేదు. వేడి ముఖాన్ని పట్టుకుని వెనక్కి నెట్టింది. ఇంతకాలం ఈ కప్పుల కింద అతను వంగి, కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. వేడి కాళ్ళ దగ్గర లేదు.

వాసాల కట్లు తెంపాడు. ఆవులు అతన్ని తోసుకుంటూ బయటపడ్డాయి. ఎండలోకి, గాలి తగిలే చోటికి పోయాయి. తెల్లమచ్చది చివరగా లేచి, తూలుతూ వెళ్ళింది. తొట్టిలో ముక్కు ముంచి, తాగకుండా అలాగే ఉండిపోయింది.

మిగతా ముప్పై ఒక్క కొట్టాల్లో ఒక్క ఆవూ బయటికి పోలేదు. మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. వాటిని కట్టేసి ఉంచుతారు.

అమ్మగారు తొట్టి దగ్గరికి వచ్చింది. రెండు కళ్ళజోళ్ళతోనూ తెల్లమచ్చ ఆవును చూసింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"పొమ్మన్నానని వాడేమైనా పెట్టాడంటావా దీనికి?"

ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు.  మేస్త్రి గేటు పక్క గది వైపు చూశాడు.

"చూడాలమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపింది. అతను దాన్ని ఔనుగా చెప్పలేదు. ఆవిడ ఔనుగా తీసుకుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చాడు. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే వెలుతురుకు పట్టి చూడకుండా తాగేశాడు. భార్య ఆ ఖాళీ గ్లాసును చూసింది, అతన్ని చూసింది. భోజనానికి కూర్చుని, అన్నంలో రాళ్ళు వెతకలేదు. ఆవిడకు భయం వేసింది. ఒంట్లో బాగాలేదా అంది, ఎవరైనా పోయారా అంది, చివరికి ఎవరితోనైనా గొడవ పెట్టుకున్నారా అంది. అతను ముక్కలు ముక్కలుగా అన్నీ చెప్పాడు. ఆవు వీపు దగ్గరికి వచ్చేసరికి తన అరచెయ్యి చూసుకున్నాడు.

ఆవిడ ఓదార్చలేదు. కంచం తీసి పక్కన పెట్టి అంది.

"స్నానం నీళ్ళు కాలితో చూసి బాగున్నాయంటారు. వీపు మీద పోసుకుని గంతులేస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా నీళ్ళు వీపుకి ఎలా ఉంటాయో ముందు చూసుకున్నారా?"

మేస్త్రి తన ఎడమకాలికేసి చూసుకున్నాడు.

"అందరినీ అనుమానిస్తారు. ఆ కాలిని ఒక్కదాన్నీ అనుమానించలేదు."

"ఆ మనిషి రేపు ఎన్నింటికి వెళ్ళిపోతాడు?" అని అడిగింది.

అతనికి తెలియదు. అడగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే మేస్త్రి నిచ్చెన, ఒక పొడుగాటి ఇనుప గొట్టం భుజాన వేసుకుని, స్పానర్ల సంచీ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర తోపుడుబండి ఉంది. దాని మీద చాప, రెండు మూటలు, ఒక కుర్చీ. మూగన్న తాడు బిగిస్తున్నాడు. మేస్త్రిని చూసి ఆపాడు.

"ఇంకేం చూడ్డానికి వచ్చావు? మూటలు విప్పమంటావా?"

మూగన్న నోట అంత పెద్ద మాట అతను వినలేదు. వద్దన్నాడు. నాతో ఒక్కసారి లోపలికి రమ్మన్నాడు. మూగన్న కదలలేదు. నువ్వు పిలిస్తే నమ్మి రావడానికి నేనేం ఆవునా అన్నట్టు చూశాడు. మేస్త్రి ఒక్కడే వెళ్ళాడు.

అమ్మగారు ముక్కాలిపీట మీద కూర్చుని తెల్లమచ్చ ఆవును పితకడానికి తంటాలు పడుతోంది. ఆవు పాలు చేపలేదు. పరాయి చేతికి పొదుగు బిగబట్టుకుని, కాలు విదిలిస్తోంది. బకెట్టు అడుగు తడిసిందంతే.

"అమ్మా" అన్నాడు మేస్త్రి, గేటు దాకా వినబడేట్టు. "ఆయన దీనికేం పెట్టలేదు. తప్పు కప్పుది. కప్పు నాది. రేకు వేడి వాటి వీపులు మాడుస్తోంది. ఆయన బయటికి తోలబట్టే ఇవి ఇన్నాళ్ళు నిలబడ్డాయి."

ఆవిడ పీట మీదనుంచి లేవలేదు. ముందు అతన్ని, తరువాత గేటు వైపు చూసింది.

"రాత్రికి రాత్రి ఇద్దరూ ఒక్కటయ్యారా?"

"లేదమ్మా. కొట్టం గురించి ఆయన నాతో అన్నవి రెండే మాటలు. రెండూ నిజమే."

"నిన్న చూడాలన్నావు."

"నిన్నే చూశాను. చెప్పలేదు."

ఆవిడ కళ్ళజోళ్ళు మార్చుకుని అతన్ని చూసింది. నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. మేస్త్రి ఆగకుండా నిచ్చెన వేసి ఎక్కాడు. మొదటి బోల్టు తుప్పుపట్టకముందే విప్పుతున్నాడు కాబట్టి తేలిగ్గా వచ్చింది. రెండోది, మూడోది. రేకు ఒక కొస వదులై వేలాడింది. కిందినుంచి రెండు చేతులు దాన్ని అందుకున్నాయి. మూగన్న చేతులు. పట్టుకున్నాడే గానీ, ఇది కూడా ఏదైనా ఎత్తేమోనని కళ్ళు మేస్త్రి ముఖం మీదే ఉన్నాయి.

"పితికే వేళ దాటిపోతోంది" అంది అమ్మగారు, ఎవరితోనూ కాకుండా. పీట మీదనుంచి లేచి పక్కకు నిలబడింది.

మూగన్న రేకును గోడకు ఆనించి, చేతులు కడుక్కుని వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. ఆవు చెవులు వెనక్కి వాల్చింది. కాసేపటికి బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది. మేస్త్రి అటు చూడకుండా మిగతా రేకులు విప్పాడు. ఎండ ముదిరేలోపు ఆ వరస ఖాళీ అయింది. దిగి, పొడవు పెంచడానికి తెచ్చిన ఇనుప గొట్టాన్ని ఒక స్తంభం పక్కన నిలబెట్టి కట్టాడు. సుద్దముక్క తీసుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. తను అనుకున్న చోట గొట్టం మీద సుద్ద ఆనించి కిందికి చూశాడు.

"ఇక్కడికి చాలా, అన్నా?"

మూగన్న క్యాను మూత బిగించి వచ్చాడు. తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇంకా" అన్నాడు.

మేస్త్రి ఒక మెట్టు ఎక్కాడు.

"ఇంకా."

ఇంకో మెట్టు ఎక్కాడు.